మంత్రి బాధ్యత ఎక్కడి వరకు? సభలో ప్రశ్నలు, జారిపోయే జవాబులు

తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో ప్రశ్నకు ఒక అచ్చు ఉంది. "ఫలానా ఏరియా ఆసుపత్రిలో వైద్యుల కొరత ఉన్న విషయం వాస్తవమేనా, అయితే, ఖాళీలను భర్తీ చేసే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వ పరిశీలనలో ఉన్నదా, ఉంటే, ఎప్పటిలోగా భర్తీ చేస్తారు?" జవాబుకూ ఒక అచ్చు ఉంది. మొదటి భాగానికి "లేదండి". మిగతా వాటికి "ప్రశ్న ఉత్పన్నం కాదు". కొరత అనే మాటకు ఎవరి లెక్క వారికి ఉంటుంది కాబట్టి మంత్రి అబద్ధం చెప్పినట్టూ కాదు. అదే సభ్యుడు "మంజూరైన పోస్టులెన్ని, ఈ రోజుకు పనిచేస్తున్నవారెందరు, డిప్యుటేషన్ మీద బయటికి వెళ్లినవారెందరు" అని అడిగి ఉంటే మంత్రికి ఆ వెసులుబాటు దొరికేది కాదు. అంకెలు చెప్పాల్సి వచ్చేది. చెప్పిన అంకె తప్పని తేలితే సభను తప్పుదోవ పట్టించారన్న మాట పడాల్సి వచ్చేది.

సభలో అరుపులు టీవీలో కనిపిస్తాయి, ప్రశ్న రాసిన తీరు కనిపించదు. కానీ మంత్రి ఎంత చెబుతారన్నది చాలావరకు ఆ రాతలోనే తేలిపోతుంది. ఆసుపత్రి, రేషన్, తాగునీరు, పోలీసు, కోర్టు, జైలు లాంటి విషయాల మీద వచ్చే ప్రశ్నల్లో పెద్ద లోపం ఒకటే. మంత్రి చేతిలో లేని దాని గురించి ఆయన్ని నిలదీయడం, పూర్తిగా ఆయన చేతిలోనే ఉన్నదాన్ని అడగకుండా వదిలేయడం. న్యాయానికి సంబంధించిన ప్రశ్నల్లో ఇది మరీ ఎక్కువ.

మంత్రుల్ని ప్రశ్నించే హక్కు ఒక్కరోజులో రాలేదు. బ్రిటిష్ పార్లమెంటులో నమోదైన మొదటి ప్రశ్న 1721 నాటిది. సౌత్ సీ కంపెనీ కుంభకోణం తర్వాత దాని ప్రధాన కోశాధికారి రాబర్ట్ నైట్ దేశం విడిచి పారిపోయాడు. అతన్ని బ్రస్సెల్స్‌లో పట్టుకున్నారన్న వార్త నిజమేనా అని ప్రభువుల సభలో ఎర్ల్ కౌపర్ ప్రభుత్వాన్ని అడిగారు. ఇక్కడ 1861 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టం సభ్యులకు ప్రశ్న అడిగే హక్కే ఇవ్వలేదు, 1892 చట్టం ఇచ్చింది. మరుసటి ఏడాది భింగా రాజా మొదటి ప్రశ్న వేశారు. పర్యటనకు వచ్చే ప్రభుత్వ అధికారుల శిబిరాలకు సరుకులు సమకూర్చే పద్ధతి వల్ల ఊళ్లలోని దుకాణదారులు పడుతున్న ఇబ్బందుల గురించి ఆ ప్రశ్న. అక్కడ పారిపోయిన నిందితుడు, ఇక్కడ దొర వస్తే సరుకు ఇచ్చుకోవాల్సిన కొట్టువాడు. మూడు శతాబ్దాల్లో ప్రశ్నల సారం పెద్దగా మారలేదనిపిస్తుంది.

1892లో వచ్చిన హక్కు సగం హక్కే. ప్రశ్న అడగొచ్చు, జవాబు విని కూర్చోవాలి. జవాబు మీద మళ్లీ అడిగే అనుబంధ ప్రశ్నకు 1909 సంస్కరణల్లో అనుమతి వచ్చింది, అదీ అసలు ప్రశ్న వేసిన సభ్యుడికి మాత్రమే. 1919 సంస్కరణల తర్వాత మిగతా సభ్యులకూ దక్కింది. వలస ప్రభుత్వం ప్రశ్నకు ఒప్పుకోవడానికీ అనుబంధ ప్రశ్నకు ఒప్పుకోవడానికీ మధ్య పదిహేడేళ్లు తీసుకుందంటే, దేనికి ఎక్కువ భయపడిందో తెలుస్తూనే ఉంది. మొదటి జవాబును అధికారులు రాసిస్తారు. రెండో జవాబు మంత్రి సొంతంగా చెప్పుకోవాలి.

ఇరవైలో ఐదారు

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. వాటికి మంత్రి నిలబడి నోటితో జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాలి. నక్షత్ర గుర్తు లేనివి 230. వాటికి రాతపూర్వక జవాబుతో సరి. రాజ్యసభలో ఈ సంఖ్యలు 15, 160. ప్రశ్నకు సాధారణంగా పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరి ప్రశ్న జాబితాలోకి వస్తుందన్నది లాటరీలో తేలుతుంది. మంత్రిత్వ శాఖలను ఐదు బృందాలుగా చేసి వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు కాబట్టి ఏ శాఖ వంతైనా వారానికి ఒక్కసారే వస్తుంది.

ఆ గంటలో మామూలుగా నాలుగైదు ప్రశ్నలు, మహా అయితే ఆరేడు నోటి జవాబు దాకా వస్తాయి. మిగిలినవి రాతపూర్వక జవాబులైపోతాయి. 2019 నవంబర్ 27న లోక్‌సభలో 20కి 20 ప్రశ్నలూ సభలో చర్చకు వచ్చినప్పుడు అది పత్రికల్లో వార్త అయింది. అంతకు ముందు అలా జరిగింది 1972లోనట. మామూలుగా జరగాల్సిన పని జరగడం వార్త కావడమే ఇక్కడి పరిస్థితి చెబుతుంది. గొడవలతో ప్రశ్నోత్తరాలు కొట్టుకుపోయే రోజులు సరే సరి. జాబితాలో పదో నంబరులో పడ్డ ప్రశ్న ఎంత మంచిదైనా దానికి అనుబంధ ప్రశ్న ఉండదు.

ఇతర దేశాల పద్ధతులు వేరు. కెనడా దిగువ సభలో ముందస్తు నోటీసు అక్కర్లేదు, కానీ ప్రశ్నకు 35 సెకన్లు, జవాబుకు 35 సెకన్లు. ఆ వ్యవధిలో అంకెలు అడగడం, చెప్పడం కుదరదు. ఒక చురక అంటించి కూర్చోవడం కుదురుతుంది. బ్రిటన్‌లో ప్రధానిని అడిగేందుకు 1961 నుంచి వారానికి రెండు సార్లు పావుగంట చొప్పున కేటాయించారు, 1997లో టోనీ బ్లెయిర్ దాన్ని బుధవారం ఒకే అరగంట చేశారు. ప్రపంచమంతా చూసేది అదే. నిజానికి అక్కడ పాలన మీద ఒత్తిడి తెచ్చేవి ఎవరూ చూడని రాతపూర్వక ప్రశ్నలు, కమిటీ విచారణలు.

అనుబంధ ప్రశ్నల ఒత్తిడి ఎంత దూరం పోగలదో 1957 చూపించింది. అంతకు ఏడాది ముందే జాతీయం చేసిన జీవిత బీమా సంస్థ, కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టింది. దీనిపై సభ్యులు అడిగిన ప్రశ్నలకు ప్రభుత్వం ఇచ్చిన జవాబులు పొడిపొడిగా ఉండిపోయాయి. డిసెంబర్‌లో ఫిరోజ్ గాంధీ ఆ జవాబులకూ తన దగ్గరున్న వివరాలకూ పొంతన లేదని లోక్‌సభలో ఒక్కొక్కటిగా చూపించారు. ఆయన అధికార పక్ష సభ్యుడు, పైగా ప్రధాని నెహ్రూకు అల్లుడు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. ఛాగ్లాతో విచారణ కమిషన్ వేశారు, విచారణ బహిరంగంగా సాగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. పెట్టుబడి నిర్ణయం కింది అధికారులదేనని మంత్రి వాదించినా, శాఖలో జరిగినదానికి మంత్రే బాధ్యుడన్న సూత్రం ముందు ఆ వాదన నిలవలేదు.

లెక్కే లేదంటే

సేవల మీద అడిగే ప్రశ్నలకు మంత్రులు తప్పించుకునే దారులు ఎన్నో ఉన్నాయనిపిస్తుంది గానీ నిజానికి కొన్నే. మొదటిది రాజ్యాంగంలోనే ఉంది. పోలీసులు, శాంతిభద్రతలు, ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి పార్లమెంటులో ఈ విషయాల మీద వచ్చే చాలా జవాబులు "ఇది రాష్ట్ర జాబితాలోని అంశం" అన్న వాక్యంతోనే మొదలవుతాయి. అది నిజమే. అయితే ఆ రాష్ట్రాలకు ఏ పథకం కింద ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చయినట్టు వినియోగ పత్రాలు వచ్చాయి, రాని రాష్ట్రాల మీద ఏం చర్య తీసుకున్నారు అన్నది కేంద్ర మంత్రి చేతిలోనిదే. "విడుదల చేశాం" అన్న అంకెకూ "ఖర్చయింది" అన్న అంకెకూ మధ్య దూరాన్ని అడిగితే రాష్ట్ర జాబితా అడ్డం రాదు.

రెండో దారి లెక్క లేదనడం. 2020 సెప్టెంబర్‌లో కరోనా పేరుతో పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసేశారు, రాతపూర్వక ప్రశ్నల్ని మాత్రం ఉంచారు. లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు పోతూ చనిపోయిన వలస కార్మికులెందరు, వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అని లోక్‌సభలో సభ్యులు అడిగారు. అలాంటి లెక్కలు నిర్వహించడం లేదని కార్మిక మంత్రిత్వ శాఖ సెప్టెంబర్ 14న రాసిచ్చింది. లెక్క లేదు కాబట్టి పరిహారం ప్రశ్నే ఉత్పన్నం కాదంది. శాసనసభల అచ్చు వాక్యం పార్లమెంటులోనూ అంతే చక్కగా పనిచేసింది.

అదే సమావేశాల్లో, ఆ తర్వాత వారం తిరక్కముందే, రాజ్యసభలో ఇంకో జవాబు వచ్చింది. వలస కార్మికుల్ని సొంతూళ్లకు చేర్చిన శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో ప్రయాణిస్తూ 97 మంది చనిపోయారని, రాష్ట్ర పోలీసుల నుంచి వచ్చిన సమాచారం ప్రకారం ఈ సంఖ్య చెబుతున్నామని రైల్వే మంత్రి తెలిపారు. విషాదం ఒకటే, ప్రభుత్వం ఒకటే. ఒక శాఖ దగ్గర లెక్క లేదు, ఇంకో శాఖ దగ్గర ఉంది. తేడా ప్రశ్నలోనూ ఉంది. దేశమంతటా రోడ్ల మీద చనిపోయినవాళ్ల గురించి అడిగితే ఏ శాఖా తనది అనుకోలేదు. ఫలానా శాఖ నడిపిన ఫలానా రైళ్ల గురించి అడిగితే ఆ శాఖకు తప్పించుకునే చోటు దొరకలేదు. రెండో ప్రశ్నకు జవాబు వచ్చింది కాబట్టి మొదటిది అనవసరం అని దీనర్థం కాదు. "లెక్క లేదు" అన్న జవాబు కూడా ఒక ఒప్పుకోలే, అది రికార్డులో ఉండాల్సిందే.

2021 జులైలో రాజ్యసభలో ఆక్సిజన్ మరణాల ప్రశ్న మూడో దారిని చూపించింది. ఆరోగ్యం రాష్ట్ర అంశమని గుర్తుచేసి, ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలు ప్రత్యేకంగా నివేదించలేదని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. అంతకు రెండు నెలల ముందు, మే 10న, తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా పడిపోయి 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. అది దేశమంతా చూసిన సంఘటన. మంత్రి జవాబులో బరువంతా "ప్రత్యేకంగా నివేదించలేదు" అన్న చోటే ఉంది. రాష్ట్రాలు మరణాల్ని నివేదించే పత్రంలో ఆక్సిజన్ కొరత అనే గడి ఉందా అన్న అనుబంధ ప్రశ్న పడాల్సింది అక్కడే. గడి లేని పత్రం నింపినవాళ్లు ఆ కారణం రాయలేదని చెప్పడం ఏ శాఖకైనా తేలికే.

నిర్వచనంతో ఆడే ఆట దీనికి దగ్గరిదే, దీనికంటే క్రూరమైనది. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించే చట్టం 2013లో వచ్చింది. ఆ పని వల్ల చనిపోయినవారెందరని అడిగితే అలాంటి మరణాలు నమోదు కాలేదని 2021లో కేంద్రం రాజ్యసభకు చెప్పింది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ చనిపోయినవారెందరని అడిగిన ప్రశ్నలకు అదే మంత్రిత్వ శాఖ వందల్లో సంఖ్యలు ఇచ్చింది. చట్టం లెక్కలో ఇవి రెండూ వేర్వేరు పనులు. కాలువలోకి దిగి ఊపిరాడక పోయిన మనిషి ఏ జాబితాలో పడతాడన్నది పరిహారానికి సంబంధించిన విషయం కూడా. మురుగు కాలువ మరణాలకు పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. ఇంత తెలిసిన సభ్యుడు ఒక్క మాట మార్చి అడిగితే సున్నా కాస్తా నిజమైన సంఖ్య అయిపోతుంది. తెలియని సభ్యుడి ప్రశ్న ప్రభుత్వానికి సున్నాను బహుమతిగా ఇస్తుంది.

తాగునీటి పథకాలు కూడా ఇంతే, కాస్త మెత్తగా. 2019 ఆగస్టులో జల్ జీవన్ మిషన్ మొదలయ్యేనాటికి 3.23 కోట్ల గ్రామీణ ఇళ్లకు కుళాయి ఉంది. ఇప్పుడు ఎన్ని కోట్ల కుళాయిలు బిగించారో ఏ సమావేశంలో అడిగినా చెబుతారు, ఆనందంగా చెబుతారు. వారానికి ఎన్ని రోజులు నీళ్లొస్తున్నాయో అడిగితే జవాబు పొట్టిగా వస్తుంది.

కోర్టు చాటున మంత్రి

న్యాయం దగ్గరికి వచ్చేసరికి మంత్రికి రక్షణ ఇంకా మందంగా ఉంటుంది. సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తుల విధి నిర్వహణలో ప్రవర్తన గురించి పార్లమెంటులో చర్చించకూడదని రాజ్యాంగం 121వ అధికరణ చెబుతుంది, తొలగింపు తీర్మానం ఒక్కటే దానికి మినహాయింపు. శాసనసభలకు 211వ అధికరణ ఆ మినహాయింపు కూడా లేకుండా అదే నియమం పెట్టింది. కోర్టు విచారణలో ఉన్న విషయం మీద ప్రశ్న వేయకూడదని సభా నియమాలు చెబుతాయి. ఈ గీతలు అవసరమైనవే. ఏ కేసు ఎలా తేలాలో మంత్రిని అడగడం మొదలైతే రేపు మంత్రి చెప్పినట్టే తేలుతుంది.

తంటా ఏమిటంటే, ఈ గీతలకు చాలా ఇవతల ఉన్నదాన్ని కూడా వాటి అవతలికి నెట్టేస్తున్నారు. దేశంలో పెండింగ్ కేసులు 5 కోట్లు దాటాయని 2023 జులైలో న్యాయ శాఖ రాజ్యసభకు చెప్పింది. ఎందుకిన్ని, ఏం చేస్తున్నారు అని ఏ సభ్యుడు అడిగినా మొదట వచ్చే వాక్యం, కేసుల పరిష్కారం పూర్తిగా న్యాయవ్యవస్థ పరిధిలోనిది అని. హైకోర్టు న్యాయమూర్తుల ఖాళీల గురించి అడిగితే నియామకాలు కార్యనిర్వాహక వ్యవస్థ, న్యాయవ్యవస్థ కలిసి చేసే నిరంతర ప్రక్రియ అని. ఏళ్ల తరబడి మంత్రులు మారినా, పార్టీలు మారినా ఈ వాక్యాలు మారలేదు. ఆ శాఖలో కొత్తగా చేరిన గుమాస్తాకు ముందు నేర్పేది ఇవే కాబోలు.

అయితే తీర్పు ఒక్కటి పక్కన పెడితే, న్యాయం అందడానికి కావాల్సినవాటిలో మంత్రుల చేతిలో ఉన్నవెన్ని? న్యాయమూర్తుల పేర్లను సిఫారసు చేసే సీనియర్ న్యాయమూర్తుల బృందం, అంటే కొలీజియం, పంపిన పేరు కేంద్రం దగ్గర ఎన్ని నెలలుగా ఉందన్నది న్యాయ మంత్రి బాధ్యతే. దీనికి గడువులు కూడా ఉన్నాయి. కొలీజియం ఏకగ్రీవంగా రెండోసారి అదే పేరు పంపితే మూడు నాలుగు వారాల్లో నియామకం జరగాలని 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ హైకోర్టుకు మంజూరైన న్యాయమూర్తులు 42 మంది, ఆంధ్రప్రదేశ్‌కు 37. ఖాళీలెన్ని అని అడిగితే "నిరంతర ప్రక్రియ" వస్తుంది. సిఫారసు అందిన తేదీ, ప్రభుత్వం చర్య తీసుకున్న తేదీ పక్కపక్కన ఇవ్వమంటే ఆ మాట చెప్పి కూర్చోవడం కష్టం.

కింది కోర్టుల భవనాలు ప్రభుత్వాలవి. వాటి కోసం 1993-94 నుంచి కేంద్ర ప్రాయోజిత పథకం నడుస్తోంది, చాలా రాష్ట్రాల్లో ఖర్చు 60:40 వంతున పంచుకుంటారు. రాష్ట్రం తన 40 పెట్టిందా అన్నది శాసనసభలో అడగాల్సిన ప్రశ్న, ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న. పబ్లిక్ ప్రాసిక్యూటర్లను నియమించేది రాష్ట్ర ప్రభుత్వం. వాళ్ల పోస్టులు ఖాళీగా ఉంటే ఒకే ప్రాసిక్యూటర్ రెండు మూడు కోర్టులు చూస్తారు, వాయిదాలు పడతాయి, ఆ వాయిదాలు న్యాయవ్యవస్థ ఆలస్యం పద్దులో పడతాయి. జైళ్లు రాష్ట్రాలవి. 2022 చివరి నాటికి దేశంలోని ఖైదీల్లో నాలుగింట మూడు వంతుల మంది శిక్ష పడనివాళ్లు, విచారణ ఖైదీలు. మొదటిసారి నేరారోపణకు గురైన విచారణ ఖైదీ, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే బెయిల్‌కు అర్హుడని 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత 479వ సెక్షన్ చెబుతుంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. అర్హుల్ని గుర్తించి కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంట్, అంటే హోం మంత్రి కింది అధికారి. ఎంతమంది అర్హులు, ఎందరి తరఫున దరఖాస్తులు పెట్టారు, ఎందరు బయటికొచ్చారు? ఈ మూడు అంకెలు అడగడానికి ఏ కోర్టు స్వతంత్రతా అడ్డం కాదు.

అదే చట్టం 176వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు సంఘటన స్థలానికి వెళ్లాలి. దీన్ని పూర్తిగా అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఇచ్చారు. ల్యాబులు కట్టాలి, మనుషుల్ని తీసుకోవాలి, వాహనాలు కొనాలి. ఇదంతా బడ్జెట్, ఇదంతా మంత్రి. ల్యాబులో శాంపిల్ ఎన్ని నెలలు ఉంటోందో, ప్రతి సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతూ పోతే ఐదేళ్ల గడువు ముగిసేసరికి ఒక చరిత్ర తయారవుతుంది. ఒక్కసారి అడిగి వదిలేస్తే "చర్యలు తీసుకుంటున్నాం" అన్న వాక్యం మాత్రం మిగులుతుంది.

అన్నిటికంటే తక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. కోర్టుల్లో అతి పెద్ద కక్షిదారు ప్రభుత్వమే. పింఛను కోసం, భూసేకరణ పరిహారం కోసం, సీనియారిటీ కోసం పౌరులు, ఉద్యోగులు వేసిన కేసుల్లో ఓడిపోయి అప్పీలుకు పోతున్నది ఏ శాఖ, ఏడాదికి ఎన్ని అప్పీళ్లు, వాటిలో ఎన్ని గెలిచింది, లాయర్ల ఫీజులకెంత ఖర్చయింది? పెండింగ్ కేసుల గురించి బాధపడే మంత్రిని, వాటిలో మీ ప్రభుత్వం వేసినవెన్ని అని అడగడం కంటే సూటి ప్రశ్న ఇంకోటి లేదు.

ప్రభుత్వ సేవ ఒక సంస్థ చేతిలోకి వెళ్లినప్పుడు మంత్రి బాధ్యత ఎలా మాయమవుతుందో బ్రిటన్ పోస్టాఫీసు వ్యవహారం చూపించింది. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ తప్పుడు లెక్కలు చూపితే, 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లకు దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షలు పడ్డాయి. వాటిలో ఎక్కువ కేసులు పోస్టాఫీసే సొంతంగా ప్రాసిక్యూట్ చేసింది. జేమ్స్ ఆర్బుత్‌నాట్ లాంటి ఎంపీలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. పోస్టాఫీసు స్వతంత్రంగా నడిచే కంపెనీ, రోజువారీ వ్యవహారాల్లో ప్రభుత్వం జోక్యం చేసుకోదు అన్నది మంత్రులు చెబుతూ వచ్చిన మాట. ఆ కంపెనీకి ఏకైక వాటాదారు ప్రభుత్వమే. చివరికి 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షల్ని మూకుమ్మడిగా రద్దు చేయాల్సి వచ్చింది. డిస్కంలు, రవాణా సంస్థలు, ప్రాధికార సంస్థలు, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీలు నిండిన మన పాలనలోనూ "అది కార్పొరేషన్ చూసుకుంటుంది" అన్న జవాబు కొత్తేమీ కాదు. కార్పొరేషన్ ఏం చేసిందని అడగడం ఒక ప్రశ్న. కార్పొరేషన్ చేసినదాన్ని తనిఖీ చేయడానికి మంత్రికి చట్టం ఏ అధికారం ఇచ్చింది, దాన్ని చివరిసారి ఎప్పుడు వాడారు అనేది రెండో ప్రశ్న. రెండోదానికి మంత్రి తప్ప ఇంకెవరూ జవాబు చెప్పలేరు.

జవాబు తర్వాత

ప్రశ్న కంటే ముఖ్యమైనది జవాబు తర్వాత ఏం జరిగిందన్నది. 1953 డిసెంబర్‌లో లోక్‌సభ దీనికోసం ప్రభుత్వ హామీల కమిటీని వేసింది, రాజ్యసభకు 1972లో వచ్చింది. "విషయం పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం", "చూస్తాను" వంటి మాటల్ని మంత్రి సభలో అంటే అవి హామీలే. మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే గడువు పెంచమనో, హామీని తొలగించమనో శాఖ కమిటీని అడగాలి, కారణం చెప్పాలి. శాసనసభల్లోనూ ఇలాంటి కమిటీలున్నాయి. పేపర్లలో వాటి పేరు కనిపించేది సభ్యుల్ని నియమించిన రోజు. మంత్రి చేత "పరిశీలిస్తాం" అనిపించుకుని సంతృప్తి పడి కూర్చునే సభ్యుడికి, ఆ మాటనే హామీగా నమోదు చేయించి వెంటపడే సభ్యుడికి ఉన్న తేడా నియోజకవర్గంలో ఎవరికీ తెలియదు. అందుకే వెంటపడేవాళ్లు తక్కువ.

సభ్యుల వైపు తప్పులు చిన్నవేమీ కావు. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడం తాత్కాలిక పార్లమెంటు కాలంలోనే బయటపడింది. 1951లో హెచ్.జి. ముద్గల్ బొంబాయి బులియన్ వ్యాపారుల సంఘం కోసం ప్రశ్నలు వేశారని తేలింది, బహిష్కరణ తీర్మానం నడుస్తుండగానే ఆయన రాజీనామా చేశారు. 2005 డిసెంబర్‌లో స్టింగ్ ఆపరేషన్ తర్వాత ఒకే రోజు 11 మంది ఎంపీలను బహిష్కరించారు. ఇవి కెమెరాకు చిక్కినవి. మంత్రి గొప్ప చెప్పుకోవడానికి అనువుగా సొంత పార్టీ సభ్యుడితో వేయించే ప్రశ్నలు ఏ నియమానికీ విరుద్ధం కావు, కానీ తినేది అదే గంట. ఆస్ట్రేలియాలో ఇలాంటి ప్రశ్నలకు డొరతీ డిక్సర్ అని పేరే ఉంది. మన దగ్గర పేరు లేదు, ప్రశ్నలకు మాత్రం కొరత లేదు.

ఇంకా అసలు సభే జరగకపోతే? మొదటి లోక్‌సభ ఏడాదికి సగటున 135 రోజులు కూర్చుంది. 2024లో ముగిసిన 17వ లోక్‌సభ ఐదేళ్లకూ కలిపి 274 రోజులు. రాష్ట్రాల శాసనసభలు ఇటీవల సగటున ఏడాదికి 20 రోజులకు కాస్త అటూ ఇటూ. ఆంధ్రప్రదేశ్‌లో 2017 నవంబర్ నుంచి 2019 ఎన్నికల దాకా వైఎస్సార్ కాంగ్రెస్, 2021 నవంబర్ నుంచి 2024 ఎన్నికల దాకా తెలుగుదేశం అధినేత చంద్రబాబు నాయుడు సభకు దూరంగా ఉండిపోయారు. ఇద్దరి కారణాలూ వాళ్లకు బలమైనవే కావచ్చు. ఆ రోజుల్లో ఆరోగ్య మంత్రి, హోం మంత్రి ఎంత నిశ్చింతగా ఉండి ఉంటారో ఊహించుకోవచ్చు.

సభ్యుడికి వచ్చే జవాబుతో మామూలు పౌరుడికి ఒక చట్టపరమైన ముడి కూడా ఉండేది. పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదని 2005 నాటి సమాచార హక్కు చట్టం 8(1) సెక్షన్‌లో, వ్యక్తిగత సమాచారం గురించిన నిబంధన కింద, ఒక వాక్యం ఉండేది. ఎమ్మెల్యే అడిగితే చెప్పేది నాకూ చెప్పాలి అని దరఖాస్తుదారులు వాదించడానికి ఆధారం అదే. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన ఆ నిబంధనను తిరగరాసింది. కొత్త పాఠంలో ఈ వాక్యం లేదు. ఏ అధికారి మీద ఏ చర్య తీసుకున్నారు, ఏ కాంట్రాక్టరుకు ఎంత చెల్లించారు అన్న వివరాలను వ్యక్తిగతం అన్న పేరుతో పౌరుడికి నిరాకరించడం ఇక తేలిక. సభ్యుడు అవే వివరాలు అడిగితే జవాబు సభ ముందుకొస్తుంది, సభ వెబ్‌సైట్‌లోకెక్కుతుంది, అక్కడి నుంచి ఎవరైనా చదువుకోవచ్చు.